అయిదు పాటలు, ముప్పై వేలు, నెలన్నర టైమ్: స్టూడియోకి వెళ్లాలా, మా గదిలోనే కానిచ్చేయాలా?

గోపాలపట్నం_గిటార్:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గాని రాసింది లేదు, ఈసారి తప్పట్లేదు. మాది వైజాగ్, నలుగురి బ్యాండ్. నేను గిటార్, బేస్ వాయించేవాడు పరవాడలో ఫార్మా కంపెనీలో షిఫ్టులు చేస్తుంటాడు, డ్రమ్మర్ బీటెక్ ఫైనలియర్. పాడేది మాలో అందరికంటే పెద్దోడు, జూలై ఒకటిన బెంగళూరులో ఉద్యోగంలో చేరాలి, అదే ఇప్పుడు మా టెన్షన్. మూడేళ్లుగా మద్దిలపాలెంలో ఒక మేడ మీది గదిలో వాయిస్తున్నాం, కాలేజీ ఫెస్టుల్లోనూ ఒకట్రెండు సార్లు బీచ్ రోడ్డులోనూ వాయించాం, ఎక్కువగా వేరేవాళ్ల పాటలే. పోయినేడాది నుంచి సొంతంగా కట్టుకున్నవాటిలో అయిదు నిలబడ్డాయి. అన్నీ తెలుగే. వాడు వెళ్లాక నలుగురం మళ్లీ ఒకచోట ఎప్పుడు కూర్చుంటామో తెలీదు, అందుకే ఈలోపు సరిగ్గా రికార్డు చేసి పెట్టుకుందామని.

ఇప్పటిదాకా ఉన్నవన్నీ ఫోన్ రికార్డింగులే. వాటిలో డ్రమ్స్‌తో ఉండే సింబల్స్ (తాళాల్లాంటి పళ్లేలు) మోత తప్ప ఇంకేమీ తెలీదు, మధ్యమధ్యలో కింద పోర్షన్ ఆంటీ కుక్కర్ విజిల్ మాత్రం స్పష్టంగా వినపడుతుంది.

తలా ఏడున్నర వేలు వేసుకుంటే ముప్పై వేలయ్యాయి. ఒక స్టూడియోలో అడిగితే రోజుకి ఎనిమిది వేలు, మిక్సింగ్ (రికార్డు చేసినవన్నీ పాళ్లు చూసి కలపడం) వేరే అన్నారు. మూడు రోజులు తీసుకుంటే డబ్బులన్నీ అక్కడే అయిపోతాయి. ఆ డబ్బుతో మైకులు కొనుక్కుని మా గదిలోనే చేసుకుంటే నయమా? మా దగ్గర ఉన్నవి: మైకుల్నీ గిటార్నీ లాప్‌టాప్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఫోకస్‌రైట్ ఇంటర్ఫేస్, ఒక షూర్ ఎస్ఎం 57 మైకు, పదిహేను వాట్ల ఆంప్, లాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి, తిట్టినా పర్లేదు.


ఎంవీపీ_నాలుగుతీగలు:

బ్రదర్, స్టూడియోకి వెళ్తే వెళ్లు గాని ఒక్కటి మాత్రం ముందే మాట్లాడుకో. మేం ఆరేళ్ల కిందట ఒక చోట నాలుగు పాటలు చేశాం, పేరు ఇప్పుడెందుకులే. చివర్లో ఎంపీత్రీలు చేతిలో పెట్టి పంపించారు. విడివిడి ట్రాకులు (ఒక్కో వాయిద్యానిదీ, గొంతుదీ వేరువేరుగా ఉన్న రికార్డింగులు) తర్వాత ఇస్తామన్నారు, మేమూ అడగలేదు, అప్పటికి మాకు అది అడగాలనే తెలీదు. ఏడాది తర్వాత గొంతు కాస్త పైకి తెచ్చి మళ్లీ మిక్స్ చేయించుకుందామని వెళ్తే హార్డ్ డిస్క్ పోయిందన్నారు. అంతే, ఆ నాలుగు పాటల్లో మా వాడి గొంతు ఇప్పటికీ డ్రమ్స్ వెనకాల ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టే ఉంటుంది.

అందుకని ఏ రోజు రికార్డింగ్ ఆ రోజే ప్రతి ట్రాకూ వేవ్ ఫైల్‌గా నీ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని ఇంటికి రా. ఇంకో కాపీ వేరే వాళ్లింట్లో ఉండాలి. అన్ని ట్రాకులూ పాట మొదటి సెకను నుంచే మొదలయ్యేలా తియ్యమను, లేకపోతే తర్వాత ఏది ఎక్కడ అతకాలో తెలీక జుట్టు పీక్కోవాలి.

నా ఓటు మాత్రం డ్రమ్స్‌కి ఒక్క రోజు స్టూడియో, మిగతాదంతా ఇంట్లో. గిటారూ బేసూ ఎక్కడ వాయించినా ఒకటే, డ్రమ్స్ అలా కాదు.


ఉక్కునగరం_డోలు:

పై ఆయన చెప్పిన ఫైళ్ల సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. డ్రమ్స్ దగ్గర మాత్రం నాది వేరే మాట. ఇరవయ్యేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నా, క్వార్టర్స్ హాల్లో కూడా రికార్డు చేశా. తమ్ముడూ, మీ డ్రమ్మర్‌కి ఆ మద్దిలపాలెం గది అలవాటు. కొత్త చోట, గంటలు లెక్కపెట్టే మనిషి అద్దం అవతల కూర్చుని ఉంటే బిగుసుకుపోతాడు. నాలుగు మైకులు చాలు. ఒకటి ఎలాగూ ఉంది. మిగతావి కొనకు, ఫంక్షన్లకి సౌండ్ సిస్టమ్ పెట్టేవాళ్ల దగ్గర స్టాండ్లతో సహా అద్దెకి దొరుకుతాయి, శుభకార్యాలు లేని రోజు చూసి అడుగు. నీ ఇంటర్ఫేస్‌కి రెండే ఇన్‌పుట్లు కాబట్టి నాలుగు ఇన్‌పుట్లది మాత్రం ఎవరి దగ్గరైనా అడుక్కో, లేదా సెకండ్ హ్యాండ్‌లో కొను.

ఇప్పుడు మైకులు పెట్టడం. గ్లిన్ జాన్స్ అనే ఇంగ్లీషు రికార్డింగ్ ఇంజనీర్ పేరు మీద ఒక పద్ధతి ఉంది, పెద్ద పెద్ద రాక్ బ్యాండ్ల డ్రమ్స్ ఆయన అలాగే పట్టాడు. కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) ఒక మైకు, స్నేర్‌కి (డ్రమ్మర్ ముందుండే, చిటపటమనే చిన్న డ్రమ్ము) దగ్గరగా నీ 57. మూడోది స్నేర్‌కి సుమారు నలభై అంగుళాల ఎత్తున, కిందికి చూస్తూ. నాలుగోది డ్రమ్మర్ కుడిచేతి పక్క, ఫ్లోర్ టామ్ (నేల మీద కాళ్లతో నిలబడే పెద్ద డ్రమ్ము) అంచుకి జానెడు పైన, టామ్ మీదుగా స్నేర్ వైపు చూస్తూ. అసలు కిటుకు ఏంటంటే ఈ మూడోదీ నాలుగోదీ స్నేర్ మధ్య నుంచి సరిగ్గా ఒకే దూరంలో ఉండాలి. దీనికి టేపు కూడా అక్కర్లేదు. పురికొస తీసుకో, ఒక కొస స్నేర్ నడిబొడ్డున నీ డ్రమ్మర్ని వేలితో నొక్కి పట్టుకోమను, రెండో కొస పై మైకు మూతి దాకా లాగి అక్కడ ముడి వెయ్. అదే పురికొసని పక్క మైకు దాకా తిప్పు. ముడి దాని మూతికి తగిలేదాకా స్టాండ్‌ని జరుపు. అయిపోయింది.

ఎందుకింత గోల అంటే, శబ్దం ఒక అడుగు నడవడానికి దాదాపు ఒక మిల్లీసెకండు పడుతుంది. ఒక మైకు అడుగు దూరంగా ఉంటే స్నేర్ దెబ్బ దానికి మిల్లీసెకండు ఆలస్యంగా చేరుతుంది, రెండూ కలిపి విన్నప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తాయి, స్నేర్ కాస్తా అట్టపెట్టె మీద కొట్టినట్టు తయారవుతుంది. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఏ ప్లగిన్ పెట్టినా ఆ కండ తిరిగి రాదు. కిక్ మైకుకి మాత్రం రీపర్‌లో ఫేజ్ బటన్ (శబ్దపు అలని తలకిందులు చేసేది) ఒకసారి నొక్కి చూడు, ఏ వైపు ఉంటే కడుపులో గుద్దినట్టు వినపడుతుందో ఆ వైపు వదిలెయ్.

గది సంగతి. మన స్లాబు ఇళ్లన్నీ కింద టైల్సు, పైన సిమెంటు, ఎదురెదురు గోడలు. మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టు, చివర్లో టిర్ర్‌ర్ అని వినపడితే అదే నీ శత్రువు. ఇంట్లో ఉన్న పరుపులు, బొంతలు, చలికాలం దుప్పట్లు అన్నీ మూలల్లో నిలబెట్టు, డ్రమ్స్ కింద మందపాటి తివాచీ వెయ్. కోడిగుడ్ల అట్టలు అంటించే పని మాత్రం పెట్టుకోకు, అవి పై స్వరాల్ని కాస్త తగ్గిస్తాయేమో గాని శబ్దాన్ని బయటికి పోకుండా ఆపవు, బొద్దింకల్ని మాత్రం పిలుస్తాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి, బయట చప్పుళ్ల గురించి అందరూ భయపడతారు గాని గదిలోపలి చప్పుళ్లే కొంప ముంచుతాయి. మేం మా హాల్లో చేసినప్పుడు బేస్‌వాడు అడుగు తీగ మీద E స్వరం కొట్టినప్పుడల్లా ఎక్కడో జ్‌జ్‌జ్ అని వచ్చేది. ఆంప్ చూశాం, వైరు మార్చాం, గిటార్ విప్పాం. సాయంత్రానికి తేలిందేంటంటే షోకేసులో మా అమ్మాయికి స్కూల్లో ఇచ్చిన షీల్డు, దాని వెనకాల రేకు వదులై ఆ ఒక్క స్వరానికే వణుకుతోంది. ఒక పూటంతా దానికే పోయింది. రికార్డింగ్ ముందు బేస్ మీద కింది నుంచి పైకి ఒక్కో స్వరం నింపాదిగా వాయిస్తూ గదంతా చెవి పెట్టి తిరగండి.

లెవెల్ ఎర్ర గీత దాకా తోసెయ్యకు. 24 బిట్ పెట్టుకుని గట్టి దెబ్బలు మైనస్ 12, మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా ఉంచు. డ్రమ్మర్ సౌండ్ చెక్‌లో కొట్టినదానికంటే టేక్‌లో గట్టిగా కొడతాడు, నేను గ్యారంటీ.


టెంపో_120:

క్లిక్ (వేగం తప్పకుండా హెడ్‌ఫోన్స్‌లో వినిపించే టిక్కు టిక్కు) లేకుండా రికార్డింగ్ మొదలుపెట్టొద్దు. ఇది మాత్రం రాసి పెట్టుకోండి. క్లిక్ ఉంటే రెండో చరణంలో తప్పు జరిగితే మొదటి చరణంలో ముక్క తెచ్చి అతికించొచ్చు, తర్వాత ఎవరైనా కీబోర్డు కలపాలన్నా సులువు. లేకపోతే ఏదీ దేనికీ అతకదు.


ఉక్కునగరం_డోలు:

మీరన్నది నిజమే గాని క్లిక్ అలవాటు లేనివాడి చెవిలో మొదటిసారి రికార్డింగ్ రోజే టిక్కు టిక్కు పెడితే వాడు పాట వినడు, టిక్కుల్నే వింటాడు. మంచి డ్రమ్మర్ కూడా పల్లవిలోకి వెళ్లేటప్పుడు నిమిషానికి ఒకటి రెండు బీట్లు వేగం పెంచుతాడు, పాటకి ఆ ఊపు అక్కడే వస్తుంది. దాన్ని చంపుకోవడం నాకిష్టం లేదు.


టెంపో_120:

సరే గురూ, పోట్లాట వద్దు. మధ్యేమార్గం చెప్తా. ఈ వారమే క్లిక్‌తో గిటారూ గొంతూ మాత్రం రఫ్‌గా రికార్డు చేసి గైడ్ ట్రాక్ కట్టండి. ఊపు పెరగాల్సిన చోట క్లిక్ వేగాన్నే రెండు అంకెలు పెంచండి, 118 మీద నడిచే పాట పల్లవిలో 120 అయినా ఎవడూ అడగడు. ఆ గైడ్‌ని డ్రమ్మర్ ఫోన్‌లో వేసి రోజూ దాంతో వాయించమనండి. పది రోజుల తర్వాత కూడా క్లిక్‌తో కుస్తీ పడుతుంటే తీసేసి నలుగురూ కలిసే వాయించండి, నేనే ఒప్పుకుంటా.

స్టూడియో రోజుల లెక్క గురించి ఒక మాట. బీటిల్స్ వాళ్ల మొదటి ఆల్బమ్‌లో పది పాటలు 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో అయిపోయాయి. అప్పటికే ఆ పాటలు స్టేజీ మీద వాయించీ వాయించీ ఉన్నారు కాబట్టి అయింది. అంతకంటే పనికొచ్చే సంగతేంటంటే ఆ రోజు లెనన్‌కి జలుబు, గొంతు చించుకుని పాడాల్సిన పాటని కావాలనే అన్నిటికంటే చివర పెట్టుకున్నారు. మీ అయిదింటిలో అలాంటిది ఏదో చూసుకుని దాన్ని ఆఖర్న పెట్టుకోండి, మొదటే అరిస్తే మిగతా నాలుగూ పోతాయి.


కెరటం_కీస్:

డ్రమ్స్ గురించే అందరూ రాస్తున్నారు, వినేవాళ్లు మొదట వినేది గొంతు కదండీ. మీరు తెలుగులో పాడుతున్నామన్నారు కాబట్టి చెప్తున్నా, ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసిన విషయం.

తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ఆగుతాయి. రాక్ పాటలో ఏమో లైను చివర ఒక స్వరం పట్టుకుని నాలుగు బీట్లు లాగాలనిపిస్తుంది. మేం సముద్రం మీద ఒక పాట చేశాం, పల్లవి చివరి మాట "అల". మా వాడు గొంతెత్తి దాన్ని లాగితే అది "అలా" అయిపోయింది. గదిలో మాకెవ్వరికీ తెలీలేదు, మాకు సాహిత్యం తెలుసు కదా. రికార్డయ్యాక మా చెల్లి విని "అలా అంటే ఎలా?" అని అడిగింది. పొట్టి అచ్చుని సాగదీస్తే తెలుగులో అర్థమే మారిపోతుంది, కలం కాలమవుతుంది, పడు పాడవుతుంది. ఇంగ్లీషు పాటలు పాడి పాడి ఆ సంగతి మర్చిపోతాం. లాగాల్సిన చోట మొదటే దీర్ఘం ఉన్న మాట పెట్టుకోండి, లేదా సున్నాతో ఆగే మాట. "కెరటం" అని మార్చాక ఆ చివరి మకారాన్ని మూసిన పెదాలతో ఎంతసేపు కావాలంటే అంతసేపు పట్టుకోగలిగాడు, పైగా దాని కింద గిటార్ రొద భలే కలిసింది. నా పేరు అందుకే ఇలా పెట్టుకున్నా.

ఏడు మాత్రల తాళం ఏదైనా ప్రయత్నించాలనుంటే మన పక్కనే ఉంది, గురజాడ ముత్యాల సరం నడకే మూడూ నాలుగూ. దాని మీద డిస్టార్షన్ గిటార్ పెట్టి చూడండి, ఎవరో విదేశీ బ్యాండ్ దగ్గర నేర్చుకున్నారనుకుంటారు.

రికార్డింగ్‌కి బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు రెండూ బార్లా తీసి, దాని ఎదురుగా కాదు, దానికి వీపు పెట్టి పాడమనండి. మైకు వెనకవైపు కంటే పాడేవాడి వెనకాల ఉన్న గోడే ఎక్కువగా మైకులో పడుతుంది. ప, బ, భ దగ్గర గాలి తన్నకుండా ఎంబ్రాయిడరీ ఫ్రేముకి పాత నైలాన్ సాక్సు బిగించి మైకుకి బెత్తెడు ముందు పెట్టండి. ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఆపాలి, కాబట్టి ఈ ఉక్కపోతలో మధ్యాహ్నం పని పెట్టుకోకండి. మేం పొద్దున్నే అయిదింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించేవాళ్లం. మాటలు రాసిన కాగితం చేతిలో ఉంచుకుంటే అది గలగలమంటుంది, స్టాండుకి బట్టల క్లిప్పుతో తగిలించండి.


గోపాలపట్నం_గిటార్:

అమ్మో, ఇంతమంది రాస్తారనుకోలేదు. అందరికీ థాంక్స్. "అలా" విని మావాళ్లు పడీపడీ నవ్వారు, తర్వాత మా పాటలు తీసి చూసుకుంటే మాకూ ఒకచోట అదే ఉంది, ఎక్కడో చెప్పను.

ఇంకో డౌటు. గిటార్ ఇంటర్ఫేస్‌లో గుచ్చగానే బూఁ అని ఒకటే హమ్. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, తీస్తే మళ్లీ. లాప్‌టాప్ చార్జర్ పెడితే దానికి తోడు సన్నగా కీచుమంటుంది. ఒక ఫ్రెండ్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయ్, పోతుంది అన్నాడు.


తీగలపని_మాస్టారు:

ఏటి బాబూ, ఎర్త్ పిన్ను తీసేయమన్న ఫ్రెండుని ముందు తీసేయ్. ఆంప్‌లో ఏదైనా తేడా వస్తే కరెంటు నేరుగా నీ గిటార్ తీగల్లోకి వస్తుంది, ఆపైన వోకలిస్టు మైకుకి పెదాలు ఆనించి ఉంటాడు. ఆ పిన్నుని ఎప్పుడూ ముట్టుకోవద్దు.

చెయ్యి పెడితే తగ్గుతోందంటే నీ ఒళ్లే ఆ రొదని పట్టే యాంటెన్నా అవుతోంది, తీగలు ముట్టుకోగానే అది ఎర్త్‌కి పోతోంది. గిటార్ లోపల బయటి రొద రాకుండా కప్పే షీల్డింగ్ సరిగా లేకపోయినా, గదిలో ఎర్తింగ్ సరిగా లేకపోయినా ఇలాగే ఉంటుంది. పాత మేడల మీద వేసిన గదుల్లో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది గాని ఎర్త్ కన్నానికి వెనకాల వైరే ఉండదు, నేను లెక్కలేనన్ని చూశా. ఎలక్ట్రీషియన్ని పిలిచి అది ఒకసారి చూపించు, రికార్డింగ్ కోసం కాకపోయినా మీ ప్రాణాల కోసం.

ఈలోపు చెయ్యాల్సింది: లాప్‌టాప్ ఫుల్‌గా చార్జింగ్ పెట్టుకుని రికార్డు చేసేటప్పుడు చార్జర్ పీకెయ్, ఆ కీచు ఆగిపోతుంది. ట్యూబ్‌లైటూ, ఫ్యాన్ రెగ్యులేటరూ ఆఫ్ చెయ్. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టు. తర్వాత గిటార్ పట్టుకుని కుర్చీలో కూర్చుని మెల్లగా గుండ్రంగా తిరుగు, తీగల కింద శబ్దాన్ని పట్టే పికప్ సింగిల్ కాయిల్‌ది అయితే ఒక దిక్కున హమ్ బాగా తగ్గుతుంది. ఆ దిక్కుకి ఎదురుగా చాక్‌పీసుతో గీత గీసుకో. అన్నట్టు మన సముద్రపు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి, కొత్తవి వెయ్, అయితే రికార్డింగ్ రోజున కాదు, రెండు రోజుల ముందు. కొత్త తీగ సాగుతుంది, ప్రతి టేక్‌కీ శ్రుతి దిగుతుంది.


ఎంవీపీ_నాలుగుతీగలు:

ఒకటి మర్చిపోయా. అయిదు పాటలకీ మాటలెవరివి, బాణీ ఎవరిది, ఎవరి వాటా ఎంత, ఒక కాగితం మీద రాసుకుని నలుగురూ సంతకాలు పెట్టండి. ఇప్పుడు నవ్వులాటగా ఉంటుంది. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టం మార్చాక రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రాయల్టీ హక్కు గట్టిగానే ఉంది, అంచేత ఎవరు ఏది చేశారో తేలకపోతే గొడవ కూడా గట్టిగానే ఉంటుంది. ఒకడు ఊరొదిలి వెళ్తున్నప్పుడు ఇది మరీ ముఖ్యం.


గోపాలపట్నం_గిటార్:

మూడు వారాల తర్వాత వచ్చా, ఏమైందో చెప్పాలి కదా.

చివరికి మా గదిలోనే చేశాం. మైకులు, స్టాండ్లు రెండు రోజులకి అద్దెకి దొరికాయి, నాలుగు ఇన్‌పుట్ల ఇంటర్ఫేస్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, అన్నీ కలిపినా సగం డబ్బులు మిగిలాయి, అవి మిక్సింగ్‌కి. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే మాస్టారు చెప్పినట్టే ఎర్త్ కన్నం వెనకాల ఏమీ లేదు. వైరు లాగించాం, హమ్ ముప్పావు వంతు పోయింది. మిగతా పావుకి నేను తలుపు వైపు తిరిగి వాయిస్తున్నా, నేల మీద చాక్‌పీసు గీత ఇంకా అలాగే ఉంది.

పురికొస మాత్రం అద్భుతం డోలన్నా. మొదట మేం కళ్లతో అందాజాగా పెట్టి ఒక టేక్ తీశాం, తర్వాత ముడి వేసి కొలిస్తే పక్క మైకు దాదాపు జానెడు దూరంగా ఉంది. జరిపి మళ్లీ వాయిస్తే మా డ్రమ్మర్ హెడ్‌ఫోన్స్ తీసి "ఇది నా స్నేరేనా?" అన్నాడు. క్లిక్ విషయంలో ఇద్దరూ గెలిచారు: మూడు పాటలు గైడ్‌తో, రెండు క్లిక్ లేకుండా నలుగురం కలిసి. ఆ రెండింటిలో ఒకటి పల్లవి దగ్గర బాగానే పరిగెత్తింది, ఉంచేశాం. నాలుగో పాట నాలుగో టేక్ చివర్లో నేవీ విమానం ఒకటి నెత్తి మీదుగా వెళ్లింది, సింబల్ మోత చల్లారే చోట సన్నగా వినపడుతుంది, దాన్ని తీసెయ్యాలా వద్దా అని ఇంకా తగువే. నేను ఉంచమంటున్నా.

కాగితం కూడా రాసుకున్నాం. ఒక పాట బాణీ ఎవరిదన్న దగ్గర గంటన్నర పట్టింది.

ఇంక గొంతులు మిగిలాయి. వచ్చే ఆదివారం పొద్దున్న అయిదింటికి. బీరువా ఉన్నది కింద పోర్షన్‌లోనే కాబట్టి ఆంటీని అడగడానికి వెళ్లాం, ఏమంటారోనని భయపడుతూ. ఆవిడ అంతా విని, బీరువా తీసుకోండి గాని అందులో మా పట్టుచీరలున్నాయి, చెమట చేతులతో ముట్టుకోవద్దు అన్నారు. మెట్లెక్కుతుంటే వెనక నుంచి పిలిచి, ఆ రోజుకి కరెంటు కుక్కర్‌లో వండుకుంటాలే, అది కూత వెయ్యదు కదా అన్నారు. మూడేళ్లుగా మా పాటలన్నీ వింటూనే ఉన్నారన్నమాట.